చెప్పకుండా పనికి రాని మనిషి: పేరు కొట్టేసే ముందు

విజయవాడ ఆటోనగర్‌లో మూడు షెడ్లకు హాజరుపట్టీ, జీతాల లెక్కా నేనే రాస్తాను. ఓనర్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "వారమైంది, మనిషి పత్తా లేడు. పేరు కొట్టేద్దామా?" కొట్టేయొద్దండి. పనికి రాకపోవడం రాజీనామా కాదు. పట్టీలో ఆ పేరు మీద గీత గీసే ముందు యజమాని చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి.

సమస్య: పొద్దున రాలేదు, ఫోన్ స్విచాఫ్

కారణం: తెలియదు. తెలియనప్పుడు ఊహించకూడదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచేశాయి. మా వెల్డర్లిద్దరు డాబా మీదే ఉండిపోయారు. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు. పట్టీలో మాత్రం వాళ్ల పేర్ల ఎదురుగా రోజూ 'ఏ' (ఆబ్సెంట్) పడుతూనే పోయింది.

పరిష్కారం: మొదటి రోజు మధ్యాహ్నంలోపే ఫోన్ చేయండి. కలవకపోతే, పనిలో చేరినప్పుడు రాసిచ్చిన ఇంటివాళ్ల నంబరుకు చేయండి. అదీ కాకపోతే సాయంత్రం పక్కన పనిచేసే కుర్రాణ్ని ఇంటికి పంపండి. ఎవరు వెళ్లారు, ఎన్నింటికి వెళ్లారు, ఇంట్లో ఎవరేం చెప్పారు, అంతా తేదీతో రాసి పెట్టుకోండి. పొద్దున వచ్చిన మనిషి పని మధ్యలో కనిపించకుండా పోతే ఇదంతా పక్కన పెట్టి ముందు షెడ్డంతా వెతకండి. లారీ కిందో, వెల్డింగ్‌కు దిగిన ట్యాంకులోనో స్పృహ తప్పి ఉండొచ్చు.

సమస్య: వారం దాటింది, కబురు లేదు

కారణం: మేస్త్రీతో మాటామాటా వచ్చి మానేశాడేమో, ఇంకోచోట కూలి ఎక్కువిస్తున్నారేమో, ఆసుపత్రిలో ఉన్నాడేమో. ఏదైనా సరే, ముందు ఉత్తరం రాయాలి.

పరిష్కారం: అతను చదవగలిగే తెలుగులో రాయండి. "ఫలానా తేదీ నుంచి మీరు పనికి రావడం లేదు. సెలవు చీటీ అందలేదు. ఈ ఉత్తరం అందిన ఏడు రోజుల్లో పనిలో చేరండి, లేదా రాలేకపోతున్న కారణం తెలపండి." ఇంతే చాలు, బెదిరింపు మాట ఒక్కటీ వద్దు. అద్దింటి అడ్రసుకూ, ఆధార్‌లో ఉన్న సొంతూరి అడ్రసుకూ రెండింటికీ పంపండి. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, రిజిస్ట్రేషనూ డెలివరీ రుజువూ రెండూ కావాలని కౌంటర్లో అడగండి. 'డోర్ లాక్' అని వెనక్కొచ్చిన కవరు చించకుండా అలాగే ఫైల్లో పెట్టండి. జవాబు రాకపోతే ఇంకో ఉత్తరం, తర్వాత ఛార్జిషీటు (అతని మీద ఆరోపణ ఏమిటో రాసిచ్చే కాగితం), విచారణ తేదీ. పిలిచినా రాకపోతేనే అతను లేకుండా విచారణ జరపాలి. అది కూడా కాగితం మీద ఉండాలి.

సమస్య: పేరు కొట్టేశాక మనిషి సంగతి తెలిసింది

ఇది నా చేత్తోనే జరిగింది. ఒక షెడ్డులో పెయింటర్ 11 రోజులు రాలేదు. ఓనరు చెప్పాడు, నేను ఎర్ర పెన్నుతో కొట్టేశాను. ఇంటికి ఎవర్నీ పంపలేదు. మర్నాడు అతని భార్య గేటు దగ్గరికొచ్చి నిలబడింది. "బండి గుద్దేసిందన్నా. కాలు విరిగింది, ఫోన్ అక్కడే పోయింది" అంటూ పెద్దాసుపత్రి చీటీ చేతికిచ్చింది. దాని మీది తేదీ, నా పట్టీలో మొదటి 'ఏ' పడిన తేదీ ఒకటే.

కారణం: "ఎనిమిది రోజులు రాకపోతే ఉద్యోగం పోయినట్టే" అన్న మాట. కొన్ని ఫ్యాక్టరీల స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే ఫ్యాక్టరీ రాసిపెట్టుకున్న పని నియమాల్లో, అలాంటి నిబంధన ఉన్నమాట నిజమే. అయితే దాన్నే పట్టుకుని విచారణ లేకుండా ఒక కార్మికుణ్ని తీసేస్తే, 1993లో సుప్రీంకోర్టు ఆ తొలగింపును కొట్టేసి, ఆగిన జీతంలో సగం ఇచ్చి పనిలోకి తీసుకోమంది. కావాలని మానేశాడని తేలితేనే గైర్హాజరు దుష్ప్రవర్తన అవుతుందని, ఒక ప్రభుత్వోద్యోగి కేసులో 2012లో చెప్పింది. షెడ్లకే కాదు, బీసెంట్ రోడ్డు బట్టల కొట్లకూ జాగ్రత్త అవసరం. ఆరు నెలలు నిండిన గుమాస్తాను సరైన కారణం లేకుండా తీసేయాలంటే నెల రోజుల నోటీసో, ఆ నెల జీతమో ఇవ్వాలని రాష్ట్ర దుకాణాల చట్టం చెబుతోంది.

పరిష్కారం: పేరు మళ్లీ ఎక్కించండి, పనిలోకి రమ్మని రాతపూర్వకంగా పిలవండి. ఆ పెయింటర్ విషయంలో మేమదే చేశాం. జబ్బు చేసి గుణదల ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఆసుపత్రి నుంచి సర్టిఫికెట్ తెచ్చినవాళ్లకు ఆ రోజులను జబ్బు సెలవుగా మార్చండి. అర్హత ఉంటే ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఈఎస్ఐయే ఇస్తుంది. నిజంగా కావాలనే మానేశాడని తేలితే సంజాయిషీ తీసుకుని హెచ్చరించండి. తొలగింపు సంగతి అన్నిటికన్నా ఆఖర్న ఆలోచించాలి.

సమస్య: చేసిన రోజుల జీతమూ ఆపేశారు

కారణం కోపం. పరిష్కారం: రాని రోజులకే కోత వేసి మిగతాది ఇచ్చేయండి. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలని, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం అంటోంది. అడ్వాన్సు బాకీ పట్టుకోవచ్చు గానీ, కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. పీఎఫ్ పోర్టల్‌లో ఎగ్జిట్ తేదీ (పని మానేసిన తేదీ) మాత్రం తొందరపడి వేయకండి. విషయం తేలేదాకా ఆ రోజులను ఎన్‌సీపీ రోజులుగా, అంటే జీతం లేక పీఎఫ్ కట్టని రోజులుగా చూపించండి. తేలాక ఆలస్యం చేయకుండా తేదీ వేసి, అతనికి ఫోన్ చేసి చెప్పండి. ఆ తేదీ పడితేనే అతని పీఎఫ్ డబ్బు ఇబ్బంది లేకుండా చేతికొస్తుంది.