విడిపోయాక పాప క్లాస్‌రూమ్‌లోకి వెళ్లాలంటే

"సారీ, మీ పేరు మా సిస్టమ్‌లో లేదు."

స్కూల్ ఫ్రంట్ ఆఫీసులో ఆవిడ ఈ మాట అనేసరికి నేను నైట్ డ్యూటీ దిగి సరాసరి వచ్చి ఉన్నాను. ఒంటి మీద హాస్పిటల్ యూనిఫామ్ కూడా మార్చుకోలేదు. మా పాప అప్పుడు మూడో గ్రేడ్. నేను కన్నతల్లిని అన్నాను. ఆవిడ మళ్లీ నా లైసెన్స్ స్కాన్ చేసి, మళ్లీ అదే మాట అంది. నేను గొంతు పెంచాను. అక్కడే తప్పు చేశాను. నిజంగా జరిగిందేమిటంటే, ఆగస్టులో ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ పాప వాళ్ల నాన్న చేశాడు. తల్లి వివరాలు అడిగే చోట ఖాళీ వదిలేశాడు. కావాలని వదిలేశాడో, హడావిడిలో మర్చిపోయాడో నాకు ఇప్పటికీ తెలీదు. తెలుసుకోవాలనీ లేదు.

ఆ రోజు కారులో కూర్చుని ఏడ్చాక నేర్చుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను. మేం ఉండేది టెక్సస్. కొన్ని విషయాలు అమెరికా మొత్తానికీ వర్తిస్తాయి, కొన్ని రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఏది ఎక్కడిదో చెబుతూ వెళ్తాను.

మొట్టమొదట మీ డిక్రీ, అంటే విడాకుల తీర్పు, తీసి చదవండి. లాయర్ ఫోన్లో చెప్పింది కాదు, జడ్జి సంతకం పెట్టిన కాగితం. నాది ఎనభై పేజీల పైనే ఉంది, అందులో సగం కారూ బ్యాంకు అకౌంట్లే. మీకు కావాల్సింది కన్జర్వేటర్ ఎవరు, ఎవరికి ఏ హక్కులు అని రాసిన భాగం. టెక్సస్‌లో కస్టడీ అనే మాటకి బదులు కన్జర్వేటర్ అంటారు. పాప వాళ్ల నాన్న దగ్గరే ఉంటుంది కాబట్టి నన్ను పొసెసరీ కన్జర్వేటర్ అని రాశారు, అంటే కేటాయించిన రోజుల్లో మాత్రమే పాపని దగ్గర ఉంచుకునే పేరెంట్ అని. ఆ మాట చదివి నేను చాలా రోజులు కుంగిపోయాను, నాకిక ఏ హక్కూ లేదేమో అనుకుని. అది నిజం కాదు. టెక్సస్ ఫ్యామిలీ కోడ్ సెక్షన్ 153.073 ప్రకారం, కోర్టు ప్రత్యేకంగా తగ్గిస్తే తప్ప, ఏ రకం కన్జర్వేటర్ అయినా తల్లికీ తండ్రికీ కొన్ని హక్కులు ఎల్లప్పుడూ ఉంటాయి. పిల్లల స్కూల్ రికార్డులు చూడటం, చదువు గురించి స్కూలు వాళ్లతో మాట్లాడటం, ఎమర్జెన్సీలో కబురు చేయాల్సిన వాళ్ల జాబితాలో పేరుండటం, స్కూల్ కార్యక్రమాలకి వెళ్లడం. లంచ్, ప్రోగ్రామ్‌లు, ఫీల్డ్ ట్రిప్‌లు అని కూడా అందులో విడమరచి రాసి ఉంది. "ఎల్లప్పుడూ" అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఈ వారం మీ వంతు కాదు అని ఎవరైనా అంటే జవాబు అదే. కోర్టు ఈ హక్కుల్ని తగ్గించాలంటే అది పిల్లల మేలు కోసమేనని రాతపూర్వకంగా చెప్పాలి. మీ డిక్రీలో అలాంటి పేరా ఉందేమో వెతకండి. ప్రొటెక్టివ్ ఆర్డర్ (దూరంగా ఉండమని కోర్టు ఇచ్చే ఆదేశం) లాంటిది ఏదైనా మీ మీద ఉంటే మాత్రం ఇది చదవడం ఆపి ముందు లాయర్‌ని కలవండి.

ఇప్పుడు చాలామంది కలిపేసుకునే రెండు విషయాలు. రికార్డులు చూసే హక్కు వేరు, క్లాసులో కూర్చునే హక్కు వేరు.

రికార్డుల హక్కు గట్టిది. విద్యార్థుల రికార్డుల గురించి 1974లో వచ్చిన ఫెర్పా అనే ఫెడరల్ చట్టం ప్రకారం, ఫెడరల్ విద్యా శాఖ నిధులు తీసుకునే స్కూలు తల్లికీ తండ్రికీ ఇద్దరికీ పూర్తి హక్కు ఇవ్వాలి. ఒకరికి లేదనాలంటే ఆ హక్కు తీసేసిన కోర్టు ఆర్డరో, చట్టమో, కట్టుబడాల్సిన పత్రమో స్కూలు చేతిలో ఉండాలి. అంటే రిజిస్ట్రేషన్ ఫారంలో పేరు రాయకపోవడం అలాంటి పత్రం కాదు. "ఆయన వద్దన్నారు" అన్నదీ కాదు. అడిగిన 45 రోజుల్లోపు రికార్డులు చూపించాలి. అయితే ఒక మెలిక ఉంది. పేరెంట్ టీచర్ మీటింగ్ ఎప్పుడు, స్కూల్ క్యాలెండర్ ఏమిటి లాంటి మామూలు సమాచారం పంపమని ఫెర్పా చెప్పదు. అవి విడిగా అడిగి పెట్టుకోవాలి. చాలా ప్రైవేటు స్కూళ్లకైతే ఫెడరల్ నిధులు ఉండవు కాబట్టి ఫెర్పా వర్తించదు.

క్లాస్‌రూమ్ దగ్గరికి వచ్చేసరికి నేల కాస్త మెత్తబడుతుంది. దేశమంతటికీ వర్తించే ఒకే హక్కు లేదు. ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన విడాకులు తీసుకున్న తండ్రి ఒకరు, పిల్లలు ఆడుకునే చోట వాలంటీర్‌గా నిలబడతానంటే కూడా స్కూలు రానివ్వలేదని ఫెడరల్ కోర్టుకి వెళ్లారు. స్కూలు వ్యవహారాల్లో అంతగా పాల్గొనే హక్కు రాజ్యాంగం ఇవ్వదని ఆ ప్రాంతపు ఫెడరల్ అప్పీల్ కోర్టు (7వ సర్క్యూట్) 2005లో చెప్పింది. కాబట్టి ఆఫీసులో నిలబడి రాజ్యాంగం గురించి మాట్లాడి లాభం లేదు. నేను మాట్లాడాను, అందుకే చెబుతున్నా.

పనికొచ్చేవి మీ రాష్ట్రం చట్టం, స్కూలు పాలసీ. కాలిఫోర్నియాలో ఎడ్యుకేషన్ కోడ్ సెక్షన్ 51101 తల్లిదండ్రులు అడిగితే పిల్లల క్లాసుని చూసే వీలు, సహేతుకమైన సమయంలోపు కల్పించాలంటుంది. మీ పిల్లల స్కూలు టైటిల్ 1 నిధులు (పేద పిల్లలు ఎక్కువున్న స్కూళ్లకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేవి) తీసుకునేదైతే, ఏ రాష్ట్రమైనా సరే, స్కూలుకీ తల్లిదండ్రులకీ మధ్య ఒక ఒప్పంద పత్రం ఉండాలి. క్లాసులో జరిగేది చూసే అవకాశం గురించి అందులో ఉండాలని ఫెడరల్ చట్టమే చెబుతోంది. మా స్కూల్ వెబ్‌సైట్‌లో ఆ పత్రం నాకు కనబడింది. ప్రింట్ తీసుకున్నాను. విజిటర్ పాలసీ కూడా హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది: ఎన్ని రోజుల ముందు అడగాలి, ఎంతసేపు కూర్చోవచ్చు, పరీక్షల వారంలో రానిస్తారా అన్నవి.

తర్వాత పని మీ పేరు ఎక్కించుకోవడం. కౌంటీలో కోర్టు కాగితాలు ఉంచే డిస్ట్రిక్ట్ క్లర్క్ ఆఫీసు నుంచి డిక్రీకి సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి. నేను మొదటి పేజీ, హక్కుల పేజీలు, జడ్జి సంతకం ఉన్న పేజీ స్కాన్ చేసి స్కూల్ రిజిస్ట్రార్‌కి పంపాను. ఆస్తి పంపకాల గోల స్కూలుకి ఎందుకు? మొత్తం కావాలని వాళ్లే అడిగితే అప్పుడు ఇవ్వచ్చు. మూడు రోజుల్లో పేరెంట్ పోర్టల్ లాగిన్ వచ్చింది. హాజరు, మార్కులు, టీచర్ మెసేజ్‌లు అన్నీ నా ఫోన్‌కే.

ఆ తర్వాతే క్లాసు సంగతి అడిగాను. ప్రిన్సిపల్‌కీ, టీచర్‌కీ కలిపి ఒకే ఈమెయిల్. నేను రాసింది దాదాపు ఇది: "నేను ఫలానా పాప తల్లిని. మా కోర్టు ఆర్డర్ మీ ఫైల్లో ఉంది, నా హక్కులు 12వ పేజీలో ఉన్నాయి. పాప చదివేటప్పుడు ఎక్కడ తడబడుతోందో చూసి ఇంట్లో సాయం చేయాలని ఉంది. రీడింగ్ క్లాసులో అరగంట వెనక కూర్చుంటాను. ఫోన్ తీయను, ఫొటోలు తీయను, పాఠం మధ్యలో టీచర్‌తో మాట్లాడను. వచ్చే రెండు వారాల్లో మంగళ, గురువారాలు నాకు వీలు. మీకు ఏది అనుకూలమో చెప్పండి." వాళ్ల నాన్న గురించి ఒక్క ముక్క రాయలేదు. మొదటి డ్రాఫ్ట్‌లో రాసి, పొద్దున్నే లేచి తీసేశాను. ఇద్దరి గొడవ వాసన తగిలితే స్కూలు వాళ్లు తలుపులు మూసుకుంటారు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే చేస్తాను.

గురువారం తొమ్మిదిన్నరకి రమ్మన్నారు. అదే ఆవిడ, అదే స్కానర్. ఈసారి నా ఫొటోతో స్టిక్కర్ బయటికొచ్చింది, అందులో నా మొహం పోస్టల్ స్టాంపంత. వెనక చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను. పాప నన్ను చూసి కూడా చూడనట్టే ఉంది. ఓ పది నిమిషాలయ్యాక పెన్సిల్ కింద పడేసుకుని, తీసుకునే వంకతో వెనక్కి తిరిగి నవ్వింది. తన వంతు వచ్చినప్పుడు పెద్ద మాటలు రాగానే గొంతు తగ్గించి మింగేస్తోందని నాకు అప్పుడే తెలిసింది. రిపోర్ట్ కార్డులో అది ఉండదు.

అరగంట అవగానే లేచి వచ్చేశాను. పాపని హత్తుకుని బయటికి తీసుకెళ్లే పని పెట్టుకోకండి. క్లాసుకి రావడం వేరు, పికప్ వేరు. పికప్‌కి మీ పొసెషన్ షెడ్యూలే, అంటే పాప ఏ రోజు ఎవరి దగ్గరుండాలో డిక్రీలో రాసిన లెక్కే, లెక్క. మీది కాని రోజు పాపని తీసుకెళ్తే ఆర్డర్ మీరినట్టే, అది కోర్టులో మీ మీదికే తిరుగుతుంది.

అయినా కుదరదంటే, కారణం రాసివ్వమని అడగండి. నోటి మాటగా వద్దన్నవాళ్లు చాలాసార్లు రాయాల్సి వచ్చేసరికి సర్దుకుంటారు. మిగతా తల్లిదండ్రుల్ని రానిచ్చే పాలసీ ఉండి మిమ్మల్ని మాత్రమే ఆపితే ఆ ముక్క స్పష్టంగా రాసి స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకి పంపండి. రికార్డులు ఇవ్వకపోతే ఫెడరల్ విద్యా శాఖకి ఫెర్పా ఫిర్యాదు చేయొచ్చు, విషయం తెలిసిన 180 రోజుల్లోపు. అడ్డుపడుతున్నది స్కూలు కాదు, అవతలి వ్యక్తి అయితే ఫ్యామిలీ కోర్టే దారి. ఆర్డర్‌లో "క్లాసు చూడటానికి ఇద్దరూ రావచ్చు" అని ఒక వాక్యం చేర్పించుకోగలిగితే ఫ్రంట్ ఆఫీసులో వాదన ఉండదు. మీ డైవర్స్ ఇంకా నడుస్తూ ఉంటే ఇప్పుడే చేర్పించండి. నేను చేర్పించుకోలేదు.

ఇంకొకటి, రిజిస్ట్రేషన్ ఏటా కొత్తగా చేస్తారు. పోయిన ఏడాది ఎక్కిన పేరు ఈ ఏడాది ఉంటుందన్న గ్యారంటీ లేదు. అందుకని ఆగస్టు మొదటి వారానికి ఫోన్లో అలారం పెట్టుకున్నాను. డిక్రీ స్కాన్ కాపీ కూడా అదే ఫోల్డర్‌లో ఉంటుంది.