బెరడు పేలను గుర్తించడం ఎలా: హైదరాబాద్ చెట్లతో మొదలుపెట్టేవారికి

వానలు మొదలైన కొన్నాళ్లకు హైదరాబాద్ కాలనీల్లోని పాత వేపచెట్ల మీద, నిద్రగన్నేరు చెట్ల మీద గోధుమరంగు చిన్న పురుగులు గుంపులుగా కనిపిస్తే, చెట్టుకు చీడ పట్టిందనుకొని మందు కొట్టించేవారు చాలామంది ఉన్నారు. ఆ పురుగులు బెరడు పేలు అయి ఉండే అవకాశం బాగా ఉంది. పేరులో పేను ఉన్నా ఇవి రక్తం తాగవు, మనుషులను కుట్టవు, చెట్టు రసం పీల్చవు. బెరడు మీద పెరిగే శైవలాలను, లైకెన్లను, బూజును, గాలికి వచ్చి పడిన పుప్పొడిని, శిలీంధ్ర బీజాలను గీక్కొని తింటాయి. చెట్టుకు వీటివల్ల ఏ నష్టమూ లేదు కాబట్టి, మందు డబ్బా కంటే ముందు భూతద్దం చేతికి తీసుకోవాలన్నది నా విన్నపం. ఈ పురుగును ఇతర కీటకాల నుంచి వేరు చేయడం, ఆ తరువాత ఉపక్రమం (క్రమంలోని పెద్ద విభాగం) వరకు, వీలైతే కుటుంబం వరకు పోల్చుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు ముఖం చూడాలి

పది రెట్లు పెద్దది చేసి చూపే చేతి లెన్స్ మొదటి దశకు సరిపోతుంది. బెరడు పేలు 1 నుంచి 10 మి.మీ. వరకు ఉంటాయి గాని, ఎక్కువ జాతులు 5 మి.మీ. లోపే ఉంటాయి. శరీరంతో పోలిస్తే తల పెద్దగా, గుండ్రంగా, సన్నని మెడ మీద అటూ ఇటూ తేలికగా తిరిగేలా ఉంటుంది. సంయుక్త నేత్రాలు రెండు పక్కలా పొడుచుకొని కనిపిస్తాయి. అన్నిటికంటే నమ్మదగిన గుర్తు ముఖం మధ్యలో ఉంటుంది. కళ్లకు దిగువన, నోటికి ఎగువన ఉన్న పోస్ట్‌క్లైపియస్ అనే భాగం స్పష్టంగా ముందుకు ఉబ్బి ఉంటుంది. చాలా జాతుల్లో దాని మీద సన్నని గోధుమ గీతలు వరుసగా కనిపిస్తాయి. నోటిలోకి ద్రవాన్ని లాగే పంపును నడిపే కండరాలు ఆ ఉబ్బు లోపలే ఉంటాయి. ఈ పురుగులకు నోటి లోపలి భాగాల మీద ఊరే ద్రవంతో గాలిలోని నీటి ఆవిరినే పట్టి తాగే శక్తి ఉంది. మరే గుర్తూ తేలకపోయినా, ఉబ్బిన ముఖం, పొడవైన దారాల్లాంటి స్పర్శశృంగాలు రెండూ కలిసి కనిపిస్తే మీరు చూస్తున్నది ఈ వర్గపు కీటకమేనని ధైర్యంగా రాసుకోవచ్చు.

రెక్కలున్న జాతులు కూర్చున్నప్పుడు వాటిని వీపు మీద పెంకుటిల్లు కప్పులా రెండు వైపులకూ వాలుగా పెట్టుకుంటాయి. ముందు రెక్కలు వెనుక రెక్కల కంటే పెద్దవి, వాటి ఈనెలు తక్కువ, సులువుగా లెక్కపెట్టదగ్గవి. అయితే రెక్కలు లేనంత మాత్రాన పిల్లపురుగు అనుకోకూడదు. కొన్ని జాతుల్లో పెద్ద పురుగులకు కూడా రెక్కలు ఉండవు, లేదా పొట్టిగా ఉంటాయి. పిల్లపురుగుకు పాదంలో ఎప్పుడూ రెండు ఖండాలే ఉంటాయన్న సంగతిని ఇప్పుడే మనసులో పెట్టుకోవాలి, ముందు ముందు అవసరపడుతుంది.

లెన్స్‌ను కదపకుండా పట్టుకొని కొంతసేపు చూస్తే వీటి తిండి తీరు కూడా తెలుస్తుంది. స్పర్శశృంగాలను ముందుకు చాచి ఆడిస్తూ నడిచే పురుగు, ఆకుపచ్చ పొర ఉన్నచోట ఆగి, తలను కిందికీ పైకీ ఊపుతూ దవడలతో గీకుతుంది. దవడల పక్కనే లాసీనియా అనే సన్నని పుల్లలాంటి గట్టి భాగం జత ఉంటుంది. దాని కొసను బెరడుకు ఆనించి తలను నిలదొక్కుకుంటుందని కీటకశాస్త్రజ్ఞులు వివరిస్తారు. ఈ పుల్ల బయటికి కనిపించదు, స్లైడ్ తయారుచేసినప్పుడే చూడగలం. జాతులను వేరు చేసేటప్పుడు దాని కొసన ఉండే పళ్ల ఆకారం ఉపయోగపడుతుంది.

పొరపడే పురుగులు

పేనుబంక లేత చిగుళ్ల మీద, మొగ్గల మీద ఉంటుంది. దాని తల కింద రసం పీల్చే ముక్కు, పొట్ట చివర రెండు చిన్న గొట్టాలు కనిపిస్తాయి. సిల్లా పురుగు రెక్కలను వాలుగానే పెట్టుకుంటుంది కాబట్టి దూరం నుంచి బాగా పోలి ఉంటుంది గాని, దానికీ పీల్చే ముక్కే ఉంటుంది, తాకితే ఎగిరి దూకుతుంది. చెదపురుగు స్పర్శశృంగాలు పూసలు గుచ్చినట్లు ఉంటాయి, ముఖం ఉబ్బి ఉండదు. ఈ మూడింటినీ తోసిపుచ్చడానికి ఎక్కువ సమయం పట్టదు.

బెరడు మీద సాలెగూడు లాంటి పట్టు పొర కనిపించినప్పుడు మాత్రం నెమ్మదిగా చూడాలి. ఉష్ణమండలంలో ఆర్కిప్సోకిడే కుటుంబపు బెరడు పేలు గుంపులుగా చెట్టు మొదలునూ కొమ్మలనూ పలుచని పట్టు పరదాతో కప్పి, దాని కింద బతుకుతాయి. ఆ పట్టు వాటి నోటి దగ్గరి గ్రంథుల నుంచి వస్తుంది. మన దేశంలో చెట్ల బెరడు మీద, రాళ్ల మీద ఎంబిడ్లు అనే వేరే క్రమపు కీటకాలు కూడా పట్టు గూళ్లు కడతాయి. వాటి గూళ్లు సాధారణంగా బెరడు పగుళ్లను అంటిపెట్టుకొని సొరంగాలుగా సాగుతాయి. లోపలి పురుగు పొడవుగా, పొట్టి కాళ్లతో ఉండి వెనక్కి కూడా వేగంగా పరుగెత్తుతుంది. దాని ముందు కాళ్ల పాదపు మొదటి ఖండం ఉబ్బి ఉంటుంది, పట్టు అక్కడి నుంచే వస్తుంది. కాబట్టి పరదాను చూసి పేరు పెట్టకుండా, సన్నని కుంచెతో ఒక మూల ఎత్తి పురుగు ముఖాన్ని, ముందు కాళ్లను చూడాలి.

ఎక్కడ, ఎప్పుడు వెతకాలి

జూన్‌లో వానలు పడి బెరడు తడిసి శైవలాల పొర పచ్చబడినప్పటి నుంచి చలికాలం మొదలయ్యే వరకు వెతకడం మంచిది. బెరడు గరుకుగా, పగుళ్లతో ఉన్న పాత చెట్లను ఎంచుకోవాలి. చింత, వేప, మామిడి, నిద్రగన్నేరు ఇందుకు బాగుంటాయి. పై పొర రాలిపోతూ ఉండే నీలగిరి, జామ చెట్ల మీద లైకెన్లు నిలవడం కష్టం కాబట్టి వాటిని తరువాత చూసుకోవచ్చు. ఎండి కొమ్మకే వేలాడుతున్న ఆకుల గుత్తులను మరవకూడదు. కొన్ని కుటుంబాల పురుగులు బెరడు మీద కాక వాటిలోనే ఎక్కువగా దొరుకుతాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి ప్రాంగణాల్లో చెట్లతోపాటు లైకెన్లు పట్టిన గ్రానైట్ బండలు కూడా ఉన్నాయి. రాతి మీద నివసించే కుటుంబాలు కూడా ఉన్నాయి కాబట్టి బండల నీడపట్టు వైపులను చూడడం వృథా కాదు. కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనాలు. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా ఏ పురుగునూ పట్టకూడదు, కళ్లతోనూ కెమెరాతోనూ చూసి రావాలి.

మీ కాలనీ చెట్టయితే, కొమ్మ కింద తెల్లని గుడ్డ గానీ తిరగేసిన తెల్ల గొడుగు గానీ పట్టుకొని, కొమ్మను కర్రతో రెండు మూడు సార్లు గట్టిగా తట్టండి. రాలిన చెత్తలో పరుగెత్తే పురుగులను ఆల్కహాల్‌లో తడిపిన సన్నని కుంచె కొసతో అంటించి ఎత్తాలి, వేళ్లతో పడితే నలిగిపోతాయి. హోమియో మందుల చిన్న గాజు సీసాలు వీటికి చక్కగా సరిపోతాయి. నిల్వకు 70 నుంచి 80 శాతం ఇథనాల్ వాడటం పద్ధతి. అది దొరకని ఔత్సాహికులు ఫార్మసీలో అమ్మే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పని నడుపుకోవచ్చు. సీతాకోకచిలుకల్లా సూది గుచ్చి ఆరబెడితే ఈ మెత్తని శరీరాలు ముడుచుకుపోయి గుర్తులన్నీ పోతాయి. ఆల్కహాల్‌లో రంగులు వెలిసిపోతాయి కాబట్టి సీసాలో వేయకముందే బతికి ఉన్న పురుగును ఫోటో తీయాలి.

మూడు ఉపక్రమాలు

పాత పుస్తకాల్లో బెరడు పేలు, ఇళ్లలో పుస్తకాల మధ్య కనిపించే పుస్తకపు పేలు సోకోప్టెరా అనే క్రమంలోనూ, పక్షుల, జంతువుల, మనుషుల మీద బతికే పేలు థిరాప్టెరా అనే వేరే క్రమంలోనూ ఉండేవి. పుస్తకపు పేల కుటుంబమైన లిపోసెలిడిడేకు పరాన్నజీవి పేలు దగ్గరి చుట్టాలని శరీర నిర్మాణాన్ని బట్టి, తరువాత డీఎన్‌ఏను బట్టి తేలడంతో ఇప్పుడు అన్నిటినీ కలిపి సోకోడియా అనే ఒకే క్రమంగా లెక్కిస్తున్నారు. తలలో పేను, చింతచెట్టు మీది పేను ఒకే క్రమానికి చెందినవన్నమాట. పాత పుస్తకంలో, కొత్త యాప్‌లో వేరువేరు పేర్లు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. స్వేచ్ఛగా బతికే జాతులు ప్రపంచంలో 5,500కు పైగా వర్ణితమయ్యాయి, అవి మూడు ఉపక్రమాల్లో సర్దుకుంటాయి.

వేరు చేయడానికి చూడవలసినవి స్పర్శశృంగం, పాదం, ముందు రెక్క. స్పర్శశృంగంలో 20కి మించి ఖండాలు, పెద్ద పురుగు పాదంలో మూడు ఖండాలు ఉంటే అది ట్రోజియోమార్ఫా. 11 నుంచి 17 వరకు ఖండాలుండి, కొన్ని ఖండాల మీద సన్నని అడ్డ వలయాలు కూడా ఉంటే ట్రాక్టోమార్ఫా. ఖండాలు సాధారణంగా 13 ఉండి, అలాంటి వలయాలు లేకపోతే సోకోమార్ఫా. ఈ మూడో ఉపక్రమంలో ముందు రెక్క ముందంచున, కొసకు దగ్గరగా టెరోస్టిగ్మా అనే గది మందంగా, మసకగా ఉంటుంది. మిగిలిన రెండింటిలో అది అలా మందపడదు. బెరడు మీద కనిపించే రెక్కల పురుగుల్లో ఎక్కువ సోకోమార్ఫావే కాబట్టి, ఖండాలను లెక్కపెట్టే ఓపిక లేనప్పుడు టెరోస్టిగ్మాను చూడడం దగ్గరి దారి. పట్టేటప్పుడు స్పర్శశృంగాలు తరచు విరిగిపోతాయి, విరిగిన దాన్ని లెక్కించి నిర్ణయానికి రాకూడదు.

కుటుంబం వరకు

సోకోమార్ఫాలో తరువాతి మెట్టు అరియోలా పోస్టికా. ముందు రెక్క వెనుక అంచున ఒక ఈనె రెండుగా చీలడంతో ఏర్పడే చిన్న గది ఇది. ఆ గది పైనున్న మీడియా అనే ఈనెతో అతుక్కుని ఉందా, విడిగా ఉందా, అసలు లేదా అని చూడాలి. అతుక్కుని, పాదంలో రెండు ఖండాలే ఉంటే సోకిడే కుటుంబాన్ని అనుమానించవచ్చు. అతుక్కునే ఉండి, పాదంలో మూడు ఖండాలు, రెక్కల నిండా గోధుమ మచ్చలు ఉంటే మయోప్సోకిడే వైపు చూడాలి. గది విడిగా ఉండి, ఈనెల మీద వెంట్రుకలు బారులు తీరి, పురుగు బెరడు మీద కాక ఆకుల మీద దొరికి ఉంటే సిసీలియుసిడే కావచ్చు. దీని గోళ్లకు కొసకు ముందు ఉండే చిన్న పన్ను ఉండదు, సోకిడేలో అది ఉంటుంది. గది అసలు లేకపోతే ఎక్టోప్సోకిడే, పెరిప్సోకిడే అనే రెండు కుటుంబాలు మిగులుతాయి. ఎండుటాకుల గుత్తిలో దొరికిన 2 మి.మీ. పురుగుకు టెరోస్టిగ్మా దాదాపు దీర్ఘచతురస్రంగా ఉంటే మొదటిది కావడానికే అవకాశం ఎక్కువ.

ఒళ్లంతా, రెక్కలంతా పొలుసులతో, మొనదేలిన రెక్కలతో చిన్న చిమ్మటను (మాత్‌ను) తలపించేవి కొన్ని ఉంటాయి. పొలుసులు కనబడగానే చాలామంది లెపిడోప్సోకిడే అని రాసేస్తారు. ఆ కుటుంబం ట్రోజియోమార్ఫాకు చెందినది గనుక స్పర్శశృంగ ఖండాలు 20కి మించాలి. పొలుసులున్నా అంతకంటే తక్కువ ఖండాలే ఉంటే అది ట్రాక్టోమార్ఫాలోని ఆంఫియెంటోమిడే. రాళ్ల మీద కూడా దొరికే ఈ కుటుంబాన్ని గ్రానైట్ బండల ఊరిలో ఉన్నవారు శ్రద్ధగా వెతకాలని నా కోరిక.

బియ్యం డబ్బాలో, చెమ్మ పట్టిన పుస్తకాల అరలో కనిపించే 1 మి.మీ. పురుగు సంగతి వేరు. రెక్కలు లేకుండా, చదునుగా, వెనుక కాళ్ల తొడలు బాగా వెడల్పుగా ఉంటే అది పుస్తకపు పేలలోని లిపోసెలిస్ ప్రజాతి. వీటిలో లిపోసెలిస్ బాస్ట్రికోఫిలా ఆడపురుగులు మగ పురుగుల అవసరం లేకుండానే సంతానాన్ని పెంచుకుంటాయి కాబట్టి చెమ్మ ఉన్నన్నాళ్లు త్వరగా పెరుగుతాయి. గాలిలో తేమ సుమారు 60 శాతం కంటే తగ్గితే వీటి ఒంట్లోని నీరు హరించుకుపోతుంది. బియ్యాన్ని ఎండబెట్టడం, అరకు గాలి ఆడనివ్వడం వీటికి అసలైన మందు.

జాతి పేరు దగ్గర మాత్రం ఆగడం నేర్చుకోవాలి. మగ పురుగు జననాంగాలను, ఆడ పురుగు గుడ్లు పెట్టే భాగాలను విడదీసి స్లైడ్ మీద చూస్తే తప్ప చాలా జాతులు తేలవు. ఫోన్ ఫోటోకు యాప్ ఇచ్చే జాతి పేరును అలాగే ఒప్పుకోవడం కంటే, “సోకిడే కుటుంబం, జాతి తెలియదు” అని రాయడం ఎంతో విలువైనది. పిల్లపురుగు దొరికితే క్రమం దగ్గరే ఆగిపోవాలి. దాని పాదంలో రెండే ఖండాలు ఉంటాయి, రెక్కల స్థానంలో మొగ్గలే ఉంటాయి, కాబట్టి పైన చెప్పిన గుర్తుల్లో సగం దానికి వర్తించవు.

ప్రతి సీసాలోనూ ఒక చిన్న కాగితం ముక్క వేయాలి. ఊరు, పేట, తేదీ, చెట్టు పేరు, పురుగు బెరడు మీదా, పచ్చి ఆకు మీదా, ఎండుటాకు మీదా, పట్టు పరదా కిందా అన్నది, పట్టినవారి పేరు దాని మీద ఉండాలి. పెన్సిల్‌తోనే రాయాలి, బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. కాగితాన్ని సీసాకు బయట అంటించకుండా లోపలే, పురుగుతోపాటే ఉంచాలి.