స్టార్చ్ మాత్రల ఎంఆర్ఐ: నడుమ కనిపించే నలుపు పొడితనమేనా?

అమైలోస్ (స్టార్చ్‌లో కొమ్మలు దాదాపు లేని పొడవాటి గొలుసుల భాగం) ఎక్కువగా ఉన్న స్టార్చ్‌ను తగిన విధంగా సిద్ధం చేసి మాత్రగా నొక్కితే అది నీళ్లలో విచ్చిపోదు. ఉబ్బి, జెల్‌గా మారి, మందును గంటల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది. ఆ ఉబ్బడాన్ని ఎంఆర్ఐలో చూసేటప్పుడు మళ్లీ మళ్లీ ఎదురయ్యే ఇబ్బందులు ఇవి. యంత్రం నడపడం మీకు తెలుసనే అనుకుంటున్నాను.

మాత్ర అంచున గుండ్రని నల్లమచ్చలు, వాటి పక్కన మెరుపు

గాలి బుడగలు. చల్లటి నీటిలో కరిగి ఉన్న గాలి 37 డిగ్రీలకు వేడెక్కగానే బయటికి వచ్చి మాత్రకు అంటుకుంటుంది. గాలికీ నీటికీ మధ్య అయస్కాంత క్షేత్రం వంకర తిరుగుతుంది, అందుకే బుడగ అసలు పరిమాణం కన్నా మచ్చ పెద్దగా కనిపిస్తుంది. పైగా బుడగ ఉన్నచోట నీరు లోపలికి వెళ్లదు. నీటిని వేడిచేసి, వాక్యూమ్ కింద గాలి తీసి, వెంటనే వాడండి. నిన్న గాలి తీసి మూత లేకుండా ఉంచిన నీటిలోకి ఈ పాటికి గాలి మళ్లీ చేరి ఉంటుంది.

వెడల్పు కన్నా మందం ఎక్కువ పెరుగుతోంది

ఇది లోపం కాదు. మాత్రను ఏ దిశలో నొక్కారో ఆ దిశలోనే అది ఎక్కువగా విచ్చుకుంటుంది. ఒక ముఖమే ఉబ్బుతుంటే మాత్రం రెండో ముఖం, మాత్రను ఉంచిన గొట్టం అడుగుకు ఆనుకుని ఉంది. ప్లాస్టిక్ వల మీద నిలబెట్టండి.

రెండు గంటలైనా నడిభాగం నల్లగానే ఉంది

ఈ సమస్యతో వచ్చినవారిని నేను మొదట అడిగేది ఎకో సమయం (నీటిని ప్రేరేపించినప్పటి నుంచి దాని సంకేతాన్ని అందుకునేదాకా గడిచే వ్యవధి) ఎంత పెట్టారని. చాలామంది దాన్ని రాసిపెట్టుకోరు. అప్పటికే నలుపు అంచును కొలిచి, నీరు అంతవరకే చేరిందని గ్రాఫ్ గీసేసి ఉంటారు.

నీరు ఉన్నంత మాత్రాన చిత్రంలో కనిపించదు. స్వేచ్ఛగా ఉన్న నీటిలో సంకేతం ఆరిపోయే కాలం, అంటే టీ2, సెకన్లలో ఉంటుంది. అదే నీరు స్టార్చ్ గొలుసుల మధ్య చిక్కుకుంటే మిల్లీసెకన్లకు పడిపోతుంది. అప్పుడే తడి తగిలిన లోపలి పొరల్లో ఇంకా తక్కువ. టీ2 విలువ 2 మిల్లీసెకన్లు ఉన్నచోట ఎకో సమయం 10 మిల్లీసెకన్లు పెడితే మిగిలే సంకేతం ఒక శాతం కూడా ఉండదు. ఎకో సమయం 2 పెడితే 37 శాతం మిగులుతుంది. మాత్రా మారలేదు, నీరూ మారలేదు, అంచు మాత్రం జరిగినట్టు కనిపిస్తుంది.

నానబెట్టిన సగ్గుబియ్యం ఉడుకుతున్నప్పుడు గింజ నడుమ తెల్లచుక్క మిగులుతుంది. అక్కడ తడి లేక కాదు, గింజంతా ముందే నానింది. కంటికి కనిపించే ఆ హద్దు ఉడికిన పిండికీ ఉడకని పిండికీ మధ్య ఉన్నది. చిత్రంలోని నల్ల అంచు కూడా అలాంటిదే.

నాకు ఇది గట్టిగా దెబ్బతగిలి తెలిసింది. రెండు రకాల మాత్రలను పోలుస్తున్నాం. ఒకటి చిన్నది కాబట్టి వివరంగా చూద్దామని చిత్రం పరిధిని తగ్గించాం. పరిధి తగ్గితే గ్రేడియంట్లు (సంకేతం ఎక్కడిదో గుర్తించేందుకు అయస్కాంత క్షేత్రాన్ని చోటును బట్టి మార్చే తీగచుట్టలు) ఎక్కువసేపు పనిచేయాలి, అందుకని యంత్రం ఎకో సమయాన్ని తనంతట తానే పెంచేసింది. తెర మీద ఒక మూల ఆ అంకె మారిన సంగతి మాలో ఎవరం గమనించలేదు. చిన్న మాత్రలోకి నీరు నెమ్మదిగా వెళుతోందని నమ్మి మూడు వారాలు దానికి కారణాలు వెతికాం. చివరికి ఒక మాత్రను మధ్యలో బయటికి తీసి బ్లేడుతో కోస్తే, చిత్రంలో నల్లగా ఉన్నచోట వేలికి తడి తగిలింది.

కాబట్టి ముందు కొన్ని నిమిషాల పరీక్ష చేయండి. ఇంకేమీ మార్చకుండా ఎకో సమయాన్ని రెట్టింపు చేసి మరో చిత్రం తీయండి. నల్లటి భాగం పెద్దదైతే, మీరు కొలుస్తున్నది నీటి అంచు కాదు. అప్పుడు 3, 6, 12, 24 మిల్లీసెకన్ల వద్ద చిత్రాలు తీసి, ప్రతి బిందువు దగ్గర సంకేతపు లాగరిథమ్‌ను గీతగా గీసి, సున్నా సమయం దాకా వెనక్కి పొడిగించండి. రొదలో, అంటే సంకేతం లేనిచోట కూడా కనిపించే చిల్లర హెచ్చుతగ్గుల్లో, మునిగిపోయిన విలువలను ఈ గీతలో కలపవద్దు. చిత్రంలో రొద సున్నా కిందికి దిగదు కాబట్టి అవి గీతను చదును చేసి, నీటిని తక్కువగా చూపిస్తాయి. నీటి శాతం ముందే తెలిసిన స్టార్చ్ జెల్‌లను గొట్టాల్లో మూసి, అవే అమరికలతో చిత్రం తీస్తే మీ లెక్క సరైనదో కాదో తేలుతుంది.

ఇంత చేసినా, టీ2 మరీ తక్కువగా ఉన్న నీటిని ఏ లెక్కా వెనక్కి తేలేదు. దానికి అతి తక్కువ ఎకో సమయంతో తీసే పద్ధతులు కావాలి. అవి మీ యంత్రంలో లేకపోతే అదే నీటిలో జంటగా ఇంకో మాత్రను ఉంచి, అదే సమయానికి తీసి కోసి చూడండి, తూచండి. ఇది చేయకుండా అంచు వేగం గురించి ఒక్క వాక్యం కూడా రాయవద్దని నా మనవి.

జెల్ బయటి నీటి కన్నా తెల్లగా ఉంది

జెల్‌లో నీరు ఎక్కువ ఉందని కాదు. బయటి నీరు తిరిగి కోలుకునే టీ1 కాలం 37 డిగ్రీల వద్ద సుమారు నాలుగు సెకన్లు. మీరు ప్రతి సెకనుకూ రేడియో తరంగంతో ప్రేరేపిస్తే అది నాలుగో వంతు కూడా కోలుకోదు, జెల్ మాత్రం త్వరగా కోలుకుని మెరుస్తుంది. ప్రేరేపణల మధ్య విరామం పెంచండి, లేదా టీ1 కొలిచి సరిదిద్దండి. మొదటి అరగంటలో మాత్ర వేగంగా మారుతుంది కాబట్టి అప్పుడు రెండోదే మేలు. నీటిలో కాపర్ సల్ఫేట్ కలిపే ఉపాయం నాకు నచ్చదు, అది జెల్‌లోకి కూడా దిగి అక్కడి లెక్కను మారుస్తుంది.

ఇక అరుదైనవి

నీటిని తిప్పే పంపు నడుస్తుండగా చిత్రం తీస్తే చారలు వస్తాయి, ఆపి తీయండి. ఉబ్బడం ఒక్కో రోజు ఒక్కోలా ఉంటే ఉష్ణోగ్రతను గది గోడ మీద కాకుండా గొట్టంలోనే కొలవండి. చిత్రమంతా వంకరపోతే మాత్ర పూతలో ఐరన్ ఆక్సైడ్ రంగు ఉందేమో చూసి, పూత లేని మాత్రతో మళ్లీ తీయండి.