క్రాపీకి ఎర పైనుంచి అందించండి

డాలస్ చుట్టుపక్కల చెరువుల్లో క్రాపీ అనే మంచినీటి చేపని గాలంతో పట్టేవాళ్లకి ఇది ఉపయోగపడుతుంది. నీటి కింది చేపల్ని తెర మీద చూపే ఫిష్ ఫైండర్‌లో 12 అడుగుల లోతున చేపల గుంపు స్పష్టంగా కనిపిస్తుంది, కానీ ఎరని ఒక్కటీ ముట్టదు. చాలాసార్లు కారణం ఒకటే, ఎర వాటి కిందికి దిగిపోయి ఉంటుంది.

క్రాపీ కళ్లు తలకి రెండు పక్కలా కాస్త పైకి ఉంటాయి. అది పైకి చూసి, పైకి లేచి తింటుంది. కిందున్నదాని కోసం దిగడం అరుదు. అందుకే ఎర ఎప్పుడూ చేపకి అడుగు, రెండడుగులు పైనే ఆగాలి.

ఎర ఎంత లోతున ఉందో కొలవడానికి పరికరం ఏదీ కొనక్కర్లేదు. రీల్ దగ్గర్నుంచి గాలం కర్ర మీద దారం దూరే మొదటి రింగు దాకా దారం ఒకసారి లాగి, టేపుతో కొలిచిపెట్టుకోండి. అది 2 అడుగులనుకుంటే, కర్ర కొన నీటిని తాకేలా పట్టుకుని, ఎర నీటి మట్టం దగ్గరుండగా మొదలుపెట్టి ఐదుసార్లు లాగి వదలండి. ఎర 10 అడుగుల దగ్గర నిలుస్తుంది. ముట్టకపోతే అర అడుగు చొప్పున దించండి, 11 మాత్రం దాటొద్దు. అక్కడ ఎరని ఊపకుండా కాసేపు అలాగే ఉంచండి. తగిలాక గట్టిగా గుంజకండి, దాని పెదవి కాగితంలా చిరిగిపోతుంది.

గాలికి పడవ కొట్టుకుపోతుంటే ఈ లెక్క పనిచేయదు. దారం ఏటవాలుగా సాగి ఎర అనుకున్నదానికన్నా పైకి తేలిపోతుంది. అప్పుడు లంగరు వేసుకోండి, లేదా కాస్త బరువు సీసం కట్టండి.