64 జీబీలో 23 వర్చువల్ సర్వర్లు: నా అనుభవం

విజయనగరంలో ఒక కళాశాల ల్యాబ్‌ను నేను చూసుకుంటున్నాను. 64 జీబీ మెమరీ, 32 థ్రెడ్లు ఉన్న ఒక్క యంత్రం మీద ఓపెన్‌స్టాక్ నడుస్తుంది. ఆ యంత్రాన్ని విద్యార్థులకు వర్చువల్ సర్వర్లుగా పంచే సాఫ్ట్‌వేర్ అది. సోమవారం ప్రాక్టికల్స్ మొదలైన పావుగంటకల్లా, "సార్, నా సర్వర్ ఆగిపోయింది" అంటూ ఒకరి వెనుక ఒకరు వచ్చారు.

మొదట కరెంటును అనుమానించాను. మన దగ్గర అది అలవాటే కదా! కెర్నల్ లాగ్ (లినక్స్ తన పనులను రాసుకునే చిట్టా) తెరిస్తే అసలు సంగతి బయటపడింది: మెమరీ చాలక లినక్స్, వర్చువల్ సర్వర్లను నడిపే క్యూఈఎంయూ ప్రాసెస్‌లను చంపేస్తోంది. ఒక్కో ప్రాసెస్ అంటే ఒక విద్యార్థి సర్వర్.

ఓపెన్‌స్టాక్‌లో సర్వర్లకు చోటు కేటాయించే భాగం నోవా. మా పాత నోవాలో ర్యామ్ అలోకేషన్ రేషియో (ఉన్న మెమరీకి ఎన్ని రెట్లు పంచవచ్చో చెప్పే సంఖ్య) 1.5, సీపీయూది 16. హోస్టుకు, అంటే అసలు యంత్రానికి, కేటాయించినది 512 ఎంబీ మాత్రమే. ఆ లెక్కన 4 జీబీ సర్వర్లు 23 వరకు అనుమతించింది. సిరిమానోత్సవం రోజున ఊరంతా ఒకే వీధిలోకి వచ్చినట్టు, అందరూ ఒకేసారి పని మొదలుపెడితే ఇంకేం మిగులుతుంది?

సీపీయూ చాలకపోతే పని నెమ్మదిస్తుంది, అంతే. మెమరీకి ఆ ఓపిక లేదు. అందుకే ర్యామ్ రేషియోను 1.0 చేసి, హోస్టుకు 8192 ఎంబీ వదిలాను. సీపీయూ రేషియోను 4కు దించి, నోవా కంప్యూట్ సర్వీసును రీస్టార్ట్ చేశాను.

ఇప్పుడు 14 సర్వర్లకే చోటుంది. అయితే అప్పటికే ఉన్నవాటిని నోవా తనంతట తాను తీసేయదు. 9 సర్వర్లను నేనే తొలగించి, తరగతిని రెండు బృందాలుగా విడదీశాను. రెండో బృందం ఇంకా గొణుగుతూనే ఉంది.