మెయిల్ అవుట్‌బాక్సులోనే ఆగిపోతే

మెయిల్ పోలేదని గాభరాపడి వెంటనే మళ్లీ సెండ్ నొక్కొద్దు. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో ఎగుమతి కాగితాలు చూసే పిల్లలకు నేను ముందు చెప్పేది ఇదే. ఒకే ఇన్వాయిస్ రెండుసార్లు చేరి, రెండోదాంట్లో స్లాబుల లెక్క కాస్త మారి ఉంటే, ఏది అసలుదో తేల్చుకోలేక కొనేవాళ్లు డబ్బు ఆపేస్తారు. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో అయితే మెయిల్ చక్కగా వెళ్లిపోయి, దాని కాపీ సెంట్ ఫోల్డరులో పడకపోయినా ఎర్రర్ పెట్టె వస్తుంది. అందులో ఉన్నది పూర్తిగా చదవండి. మెయిల్ వెళ్లింది, కాపీ మాత్రం పడలేదు అని ఉంటే అవతలివాళ్లకు చేరినట్టే.

"మెయిల్స్ వస్తున్నాయి కదక్కా, పోవట్లేదేంది?" అని అడుగుతుంటారు. ఫ్యాక్టరీకి లారీ వచ్చే గేటు వేరు, పోయే గేటు వేరు అయినట్టే ఇదీ. వచ్చేవి ఐమ్యాప్ దారిలో 993 పోర్టు (సర్వరు తలుపు నంబరు లాంటిది) మీదో, పాప్ దారిలో 995 మీదో వస్తాయి. పోయేవి ఎస్‌ఎంటీపీ సర్వరు మీదుగా పోతాయి. కాబట్టి అకౌంట్ సెట్టింగుల్లో అవుట్‌గోయింగ్ సర్వర్ అన్నచోటే చూడాలి. దానికన్నా ముందు ప్రోగ్రాం వర్క్ ఆఫ్‌లైన్‌లో (నెట్‌కు కలవకుండా) ఉందేమో చూసుకోండి.

పాత సిస్టమ్‌లలో ఇంకా 25 పోర్టే ఉంటుంది. స్పామ్ అరికట్టడానికి చాలా ఇంటర్నెట్ కంపెనీలు దాన్ని మూసేశాయి. 587 పెట్టి సెక్యూరిటీ దగ్గర స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకోండి, లేదా 465 పెట్టి ఎస్‌ఎస్‌ఎల్ ఎంచుకోండి. ఇవి తారుమారైతే మెయిల్ తిరుగుతూనే ఉంటుంది, పోదు. తర్వాత ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి ఒక చిన్న మెయిల్ పంపి చూడండి. దాంట్లో పోతే తప్పు ఆఫీసు లైన్‌దో రూటర్‌దో. దాంట్లోనూ పోకపోతే సెట్టింగు, పాస్‌వర్డ్, యాంటీవైరస్ వరసగా చూడాలి.

ఎర్రర్ పెట్టెలో 535 అని వస్తే పాస్‌వర్డ్ గొడవ. మామూలు జీమెయిల్ పాస్‌వర్డును బయటి ప్రోగ్రాముల్లో కొట్టి వాడటాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి ఆపడం మొదలుపెట్టింది. థండర్‌బర్డ్‌లో అథెంటికేషన్ దగ్గర ఓఆథ్2 (గూగుల్ పేజీలోనే లాగిన్ అయ్యే పద్ధతి) ఎంచుకుంటే సరిపోతుంది. అది లేని పాత ప్రోగ్రామైతే రెండంచెల వెరిఫికేషన్ ఆన్ చేసి, ఆ ప్రోగ్రాం కోసమే గూగుల్ ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. గూగుల్ పాస్‌వర్డ్ మారిస్తే ఆ యాప్ పాస్‌వర్డ్ రద్దవుతుంది, మళ్లీ కొత్తది తీసుకోవాలి.

మన ఆఫీసుల్లో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఫోటోల బరువు. రామతీర్థం క్వారీ నుంచి బ్లాకు దిగగానే నాలుగు వైపులా ఫోటోలు తీసి అన్నీ ఒకే మెయిల్లో కూరుస్తారు. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ. అయితే మెయిల్లో వెళ్లేటప్పుడు ఫైలు అక్షరాల రూపంలోకి మారి మూడో వంతు పెరుగుతుంది. 20 ఎంబీ ఫోటోలు దాదాపు 27 అవుతాయి, అందుకే ఆగిపోతాయి. 18 దాటకుండా చూసుకోండి. అవతలి కంపెనీ సర్వరు పరిమితి ఇంకా తక్కువైతే 552 అని తిరిగొస్తుంది. అలాగని ఫోటోలను మరీ కుదించొద్దు. గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ రాయిలో బంగారు చుక్కలు, స్లాబు మీద రాసిన నంబరు కనబడకపోతే ఆ ఫోటో పంపీ దండగే. నేనైతే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపమంటాను, అది అవతలివాళ్లకు తెరుచుకునేలా అనుమతి ఇవ్వడం మరవకండి. పాత అవుట్‌లుక్‌లో పెద్ద మెయిల్ ఇరుక్కుంటే వర్క్ ఆఫ్‌లైన్ పెట్టి, దాన్ని డ్రాఫ్ట్స్‌లోకి లాగి, ఫోటోలు తీసేసి పంపండి. అవుట్‌బాక్సులో ఉన్న మెయిల్ని ఊరికే తెరిచి మూసినా అది అక్కడే ఉండిపోతుంది, మళ్లీ సెండ్ నొక్కితేనే కదులుతుంది.

కరెంటు పోయి వచ్చాక సర్వరు సర్టిఫికెట్ (అది అసలుదేనని చెప్పే గుర్తింపు) చెల్లదని వస్తే టాస్క్‌బార్‌లో తేదీ చూడండి. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి ఏళ్లు వెనక్కి వెళ్లి ఉంటుంది. చాలా డెస్క్‌టాప్‌లలో అది సీఆర్2032 రకం. అది మార్చి తేదీ సరిచేయండి. ఎర్రర్ పెట్టెలో ఒప్పుకుంటున్నట్టు నొక్కి ముందుకు పోవద్దు.

తిరిగొచ్చిన కోడ్ 4తో మొదలైతే సర్వరు కాసేపాగమంటోంది, ఆగండి. 5తో మొదలైతే ఒప్పుకోనంటోంది, కారణం సరిచేయకుండా ఎన్నిసార్లు పంపినా అంతే. 550 వస్తే ముందు అడ్రస్‌లో అక్షరాలు సరిచూడండి.

ఏం చేసినా అకౌంట్ డిలీట్ చేసి మళ్లీ పెట్టే పని మాత్రం చేయొద్దు. పాప్ అకౌంట్ అయితే పాత మెయిల్స్ ఆ సిస్టమ్‌లోనే ఉంటాయి. పాత బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో సరుకు ఎక్కించిన రసీదు) కాపీలు, ధర ఒప్పుకున్న మెయిల్స్ అన్నీ పోతే మళ్లీ ఎవరిస్తారు? తప్పదనుకుంటే ముందు థండర్‌బర్డ్ ప్రొఫైల్ ఫోల్డరు గానీ, అవుట్‌లుక్ మెయిల్స్ దాచే పీఎస్‌టీ ఫైలు గానీ వేరే డిస్కులో కాపీ చేసుకోండి.

ఇవన్నీ చూశాకా పోకపోతే తెలిసినవాళ్లను అడగండి. ఎర్రర్ పెట్టె పూర్తి ఫోటో, పోర్టు నంబరు, హాట్‌స్పాట్‌లో పోయిందో లేదో, ఫైలు ఎన్ని ఎంబీలో పంపండి. పాస్‌వర్డ్ ఎవరికీ పంపొద్దు.