వానలు దిగేలోపు పాక గూట్లో దాచిన పశువుల మందు సగం సీసాలు తీసెయ్యండి

2023లో ల్యాబుల్లో నిర్ధారించిన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ప్రపంచం మొత్తం మీద ఆరింట ఒకటి మామూలు యాంటీబయోటిక్ మందులకు లొంగలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 అక్టోబరులో చెప్పింది. ఆ సంస్థ లెక్కలో మనదేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతంలో అది మూడింట ఒకటి. ఇదేదో పెద్దాసుపత్రుల గొడవ అనుకోకండి. డెల్టాలో గేదెను కడిగేదీ కాలువలోనే, ఊరి మంచినీళ్ల చెరువు నిండేదీ ఆ కాలువతోనే. మందుకు మొండికేసిన బ్యాక్టీరియా పేడలో బయటికొస్తే పాకలోనే ఉండిపోదు.

పాక పొడిగా ఉంచండి, టీకాలు వేయించండి అని పాడి రైతుకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడ చెప్పేది ఒకే ఒక్క తప్పు గురించి. కిందటేడు పొదుగువాపుకి వాడగా మిగిలిన మందు సీసాని గూట్లో దాచి, ఈ ఏడు జ్వరమొచ్చిన పశువుకి వెయ్యడం.

మిగిలిన మందు ఎందుకు వెయ్యకూడదు

మోతాదు పశువు బరువుని బట్టి కడతారు. సీసాలో ఎనిమిది మిల్లీలీటర్లు మిగిలితే, నాలుగొందల కిలోల ముర్రా గేదెకి ఆ ఎనిమిదే వేస్తారు. అరకొర మోతాదుకి బలహీనమైన బ్యాక్టీరియా చచ్చి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. ఆ తట్టుకునే గుణాన్ని పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకి కూడా అందిస్తాయి. పొడి మందయితే నీళ్లు కలిపాక నిలవుండదు. ఎండాకాలమంతా రేకుల కింద ఉడికిన సీసాలో పని చేసే మందు ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు.

మరి చాలామందికి అది పని చేసినట్టు ఎందుకు కనిపిస్తుంది? వానాకాలంలో ఆవులకి వచ్చే మూడు రోజుల జ్వరం వైరస్ వల్ల వస్తుంది. చాలావరకు దానంతటదే తగ్గుతుంది. రెండో రోజు సూది పడుతుంది, నాలుగో రోజు ఆవు లేచి మేత ముడుతుంది. పేరు సీసాకి దక్కుతుంది. ఆ నమ్మకంతోనే పైసారి గొంతువాపుకి కూడా అదే వేస్తారు. గొంతువాపు బ్యాక్టీరియా జబ్బే గాని, ఒకటి రెండు రోజుల్లో గేదెని తీసుకుపోతుంది. సగం సీసాతో గడిపిన ఆ పూట మళ్లీ రాదు.

ఇంకో సంగతి. పశువులకి విరివిగా వాడే ఎన్రోఫ్లాక్సాసిన్ వాటి ఒంట్లో కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. ఇంట్లో మూత్రంలో మంటకి డాక్టరు రాసే మాత్రల్లో అదీ ఒకటి. పాకలో మొండికేసింది రేపు ఇంట్లోనూ మొండికేస్తుంది.

పొదుగువాపు దగ్గర

ముందే పట్టుకుంటే మందు అవసరం తగ్గుతుంది. పితికేముందు ప్రతి చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు నల్లగుడ్డ మీద పోసి చూడండి. పెచ్చులు కనిపిస్తే అనుమానించండి. కంటికి కనిపించని వాపుకైతే అర లీటరు నీళ్లలో 15 గ్రాముల బట్టల సబ్బుపొడి కలిపి, చన్నుకొక గిన్నె పెట్టి, పాలూ ఆ నీళ్లూ సమానంగా పోసి తిప్పండి. చీమిడిలా సాగితే ఆ చన్నులో వాపు మొదలైనట్టే.

మొదటి సూది పడకముందే పాల నమూనా తియ్యాలి. సూది పడ్డాక తీస్తే ల్యాబులో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు, ఏ మందు పని చేస్తుందో తేలదు. చన్ను కడిగి ఆరబెట్టి, మొనని స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు పారబోసి, డాక్టరిచ్చిన శుభ్రమైన సీసాని ఏటవాలుగా పట్టుకుని అయిదారు మిల్లీలీటర్లు పట్టండి. చన్ను సీసా అంచుకి తగలకూడదు. ఐసులో పెట్టి ఆ రోజే పంపండి.

పితికాక చన్నులు అయోడిన్ మందులో ముంచి, అరగంట పాటు మేత ముందు నిలబెట్టండి. చన్ను రంధ్రం అంతసేపూ తెరుచుకునే ఉంటుంది. ఆ అరగంటలో కాలువలోకి దింపితే బురదని లోపలికి పిలిచినట్టే.

పొదుగులోకి ఎక్కించే ట్యూబు ఒక చన్నుకి ఒకటి. సగం ఇందులో, సగం అందులో వద్దు.

పాలు తేటపడ్డాయని మధ్యలో ఆపకండి. పాలు తేటపడినా బ్యాక్టీరియా పొదుగు కండలో దాక్కుని ఉంటుంది, నెల తిరక్కుండా తిరగబెడుతుంది. డాక్టరు ఎన్ని రోజులంటే అన్ని రోజులు వెయ్యాలి. అప్పుడు సీసాలో మిగిలేదీ ఉండదు.

మందు పడిన పశువు పాలు కేంద్రానికి పొయ్యొద్దు. లేబుల్ మీద ఎన్ని రోజులుంటే అన్ని రోజులు ఆగాలి. గడువు ప్రత్యేకంగా తేల్చని మందుకైతే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు అన్నది నిబంధన.

ఆ పాలు దూడకి పట్టొద్దు. దూడ పేగుల్లో మొండి బ్యాక్టీరియాని పెంచినట్టవుతుంది.

పాలు కాచితే అందులోని మందు పోతుందనుకోవద్దు.

కోళ్లకి కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్ వద్దు. ఆహారానికి పెంచే జీవాలకి దాన్ని 2019లోనే కేంద్రం నిషేధించింది. మనుషులకి చివరాఖరున మిగిలే మందుల్లో అదొకటి.

రొయ్యల్లో తెల్లమచ్చ వైరస్ వల్ల. రొయ్యని ఎదగనివ్వని ఈహెచ్‌పీ జబ్బు శిలీంధ్ర జాతి పరాన్నజీవి వల్ల. రెంటికీ యాంటీబయోటిక్ పని చెయ్యదు. చెరువులో పోసిన డబ్బా డ్రెయిన్లోకి పోతుంది, ఆ నీళ్లే పక్క చెరువుకి తోడుకుంటారు.

చేపలకి గడువు ప్రత్యేకంగా తేల్చని మందేస్తే పట్టుబడికి కనీసం 500 డిగ్రీ రోజులు ఆగాలి, అంటే రోజువారీ నీటి వేడి డిగ్రీలు కలుపుతూ పోతే 500 అయ్యేదాకా. నీళ్లు 28 డిగ్రీలుంటే దాదాపు 18 రోజులు.

పశువు మందు మనిషి వాడొద్దు. మనిషి మాత్ర పశువుకి నూరి పొయ్యొద్దు.

మందుల కొట్టువాడు చెప్పాడని కొనొద్దు. డాక్టరు చీటీ ఉంటేనే కొనండి.

వేసిన తేదీ, పశువు, మందు పేరు, మోతాదు గోడ మీద బొగ్గుతోనైనా రాయండి.

మిగిలిన మందు వెయ్యొద్దు. కాలువలో పారబొయ్యొద్దు, పెంటకుప్పలో వెయ్యొద్దు. పశువైద్యశాలలో అప్పగించండి.

వరదొచ్చి లంకల నుంచి పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలినప్పుడు అందరి గొడ్లూ ఒక్కచోటే ఉంటాయి. అక్కడే ఈ తప్పు ఎక్కువ జరుగుతుంది. పక్కవాళ్లు ఎంత ప్రేమగా ఇచ్చినా సగం సీసా తీసుకోవద్దు. పశువైద్య సాయం నంబరు 1962కి ఫోన్ చెయ్యండి.